పాత టీవీ రికార్డింగులో మాట వెనకబడుతోంది: సర్దాల్సింది ఆడియోనా, వీడియోనా?

మైలాపూర్_శ్రోత

తొంభైల్లో దూరదర్శన్‌లో వచ్చిన ఒక గాత్ర కచేరీ, ఈ-180 క్యాసెట్టు మీద ఇంటి వీసీఆర్‌లో పట్టినది. వీసీఆర్ సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ డాంగిల్‌తో, వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్యాప్చర్ చేశాను. 720×576, సెకనుకి 25 ఫ్రేములు, నాణ్యత తగ్గించని హఫ్‌వైయూవీ కోడెక్. బొమ్మ డాంగిల్ ద్వారా, శబ్దం మాత్రం డెస్క్‌టాప్ లైన్-ఇన్ ద్వారా, 48 కిలోహెర్ట్జ్‌లో. టైమింగ్ సెట్టింగుల్లో రెండింటినీ కలపొద్దు అన్న ఆప్షన్ పెట్టి ఉంది. నిడివి 2 గంటల 50 నిమిషాలు.

శబ్దం బొమ్మ కన్నా ఆలస్యంగా వస్తోంది. 10వ నిమిషంలో తేడా కనబడదు. 60 దగ్గర 0.2 సెకను, 120 దగ్గర 1.5, చివర 1.7.

ఆడియోని 1.7 సెకన్లు కుదించేస్తే సరిపోతుందని ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒకరన్నారు. ఆడియో జోలికెళ్తే శ్రుతి పోతుంది, సర్దితే వీడియోనే సర్దాలి అని ఇంకొకరు. మీరేమంటారు?

ఎస్పీరోడ్డు

బెంగళూరు నుంచి నా ఓటు కుదించడానికే. 10,200 సెకన్లలో 1.7 అంటే ఆరువేలకి ఒకటి. శ్రుతి పోతుందన్న భయం లెక్క వేయనివాళ్ళది. ఆ కాస్త వేగానికి శ్రుతి పెరిగేది సుమారు 0.3 సెంటు (శ్రుతి తేడాని కొలిచే కొలత). షడ్జమం నుంచి శుద్ధ రిషభానికి 100 సెంట్లు. ఏసీ గాలి తగిలితే తంబురా తీగ అంతకన్నా ఎక్కువ జారుతుంది. పైగా వీసీఆర్ టేపుని లాగే వేగమే అంత నిలకడగా ఉండదు.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో చేంజ్ స్పీడ్ తెరవండి, శాతం గడి వదిలేసి కొత్త నిడివి గడిలో 1.7 సెకన్లు తగ్గించి రాయండి. రెండు నిమిషాల పని.

ఇరవైఐదు_ఫ్రేములు

శ్రుతి లెక్క ఒప్పుకుంటా. కానీ ఆయన ఇచ్చిన అంకెలు చూశారా? ఒకే వేగంతో జారుతూ ఉంటే 60వ నిమిషానికి 0.6, 120కి 1.2 రావాలి. వచ్చినవి 0.2, 1.5. మధ్యలో ఎక్కడో ఒక్కసారి గెంతింది. గెంతుని సాగదీతతో సరిచేయబోతే ఉన్న తప్పు ఫైలంతా పూసినట్టవుతుంది.

శ్రోత గారూ, ముందు ఆ గెంతు ఎక్కడుందో పట్టుకోండి. 90 దగ్గర చూడండి, తేడా ఎక్కువుంటే 75కి వెళ్ళండి, తక్కువుంటే 105కి. ఇలా సగానికి సగం చేసుకుంటూ పోతే ఆరేడు సార్లలో నిమిషం దొరికిపోతుంది. కొలవడానికి ఓష్ఠ్యాలే దిక్కు. ప, బ, మ పలకాలంటే పెదాలు మూసి తెరవాల్సిందే కాబట్టి, పెదాలు విడివడిన ఫ్రేము దగ్గర ఆగి, శబ్దం అలలో ఆ అక్షరం ఎక్కడ లేచిందో చూస్తే చాలు. అ, ఇ లాంటి వాటితో కొలవబోతే అందాజా లెక్కే. ముఖం కనబడని చోట తాళం చెయ్యి తొడ మీద పడే ఫ్రేము పట్టుకోండి. మృదంగం వద్దు, కెమెరా ఆ వైపు ఉన్నా వేళ్ళ కదలిక మసకగా ఉంటుంది. ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంతకన్నా సన్నంగా కొలవడం కుదరదు, అక్కర్లేదు కూడా.

అడయార్_కేబుల్

కొలిచేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి, దయచేసి. అది తనంతట తానే వంద మిల్లీసెకన్లు దాటి ఆలస్యం చేస్తుంది. లేని జబ్బుకి మందు వేసినట్టవుతుంది. టీవీకి సౌండ్‌బార్ తగిలించి చూడటమూ అంతే.

మైలాపూర్_శ్రోత

దొరికింది. 84 నిమిషాల 10 సెకన్ల దగ్గర. అక్కడ ప్రకటనల కోసం రికార్డింగ్ పాజ్ చేసి మళ్ళీ మొదలెట్టినట్టుంది, తెర మీద ఒక చారల పట్టీ వచ్చి పోతుంది. దాని ముందు తేడా 0.28, దాటగానే 1.4.

ఇరవైఐదు_ఫ్రేములు

అయితే ఇవి రెండు జబ్బులు.

మొదటిది జారుడు. 3,600 సెకన్లకి 0.2, అంటే 18,000కి ఒకటి. బొమ్మకి డాంగిల్‌లోని క్రిస్టల్ గడియారం, శబ్దానికి మదర్‌బోర్డు మీది క్రిస్టల్ గడియారం. రెండూ కచ్చితంగా కలవవు. చివరికి 0.57 అవుతుంది.

రెండోది గెంతు. 1.4లోంచి 0.28 తీసేస్తే 1.12, అంటే సరిగ్గా 28 ఫ్రేములు. పాజ్ అతుకు దగ్గర టేపు మీది సింక్ పల్సులు, అంటే ప్రతి బొమ్మ ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులు, చెదిరిపోతాయి. డాంగిల్‌కి బొమ్మ చేజారి, మళ్ళీ పట్టు చిక్కేదాకా ఫ్రేములు ఇవ్వదు. శబ్దం మాత్రం ఆగకుండా ఎక్కుతూనే ఉంటుంది. 0.57కి 1.12 కలిపితే 1.69. చివర మీరు కొలిచిన 1.7 అదే.

ఇప్పుడు ఎస్పీరోడ్డు గారి మందు వేసి చూద్దాం. 84వ నిమిషం దగ్గర కుదింపు 0.84 సెకను ముందుకి లాగుతుంది. గెంతుకి ముందు అసలు తేడా 0.28 కాబట్టి శబ్దం 0.56 సెకను ముందుగా వచ్చేస్తుంది. గెంతు దాటాక 0.56 ఆలస్యం. శబ్దం ముందొస్తే చెవికి ఇంకా దుర్భరం, ఎందుకంటే లోకంలో ఎప్పుడూ చూపు తర్వాతే శబ్దం చేరుతుంది. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) బీటీ.1359 సిఫారసులో కూడా మనిషి పసిగట్టే హద్దు ముందొస్తే 45 మిల్లీసెకన్లు, ఆలస్యమైతే 125. మీ పద్ధతిలో కచేరీ మొదటి సగం ఇప్పుడున్న దానికన్నా పాడవుతుంది.

ఎస్పీరోడ్డు

సరే, గెంతు ఉందన్న సంగతి నేను చూడలేదు. అయినా నా మాట పూర్తిగా పోలేదు. అతుకు దగ్గర 1.12 సెకను ఆడియో కోసేసి, మిగిలిన జారుడుకి కుదించండి. అక్కడున్నది చప్పట్లో, గరగరో. ఎవరికి నష్టం?

ఇరవైఐదు_ఫ్రేములు

పోయింది బొమ్మ, ఉన్నది శబ్దం. ఉన్నదాన్ని కోసి లేనిదానికి సరిపెట్టడం నాకు నచ్చదు. గెంతు పాట మధ్యలో పడి ఉంటే ఒక సెకను కోసినా తాళం తెగుతుంది, ఆవర్తనంలో అక్షరాలు తగ్గి వినేవాడికి ముల్లులా గుచ్చుకుంటుంది. అదే బొమ్మ ఒక సెకను ఆగిపోతే కచేరీలో ఎవరూ పట్టించుకోరు.

ఆదేశాలు రాసి వీడియో సర్దే ఎవీఐసింత్ ప్రోగ్రాములో నాలుగు లైన్ల పని. ఎవీఐసోర్స్ ఆదేశంతో ఫైలు తెరుస్తూ ఆడియో వద్దని చెప్పండి. అతుకు ముందున్న ఫ్రేము సంఖ్య 5,050 సెకన్లు ఇంటూ 25, అంటే 126250. ఆ ఫ్రేము మీద లూప్ 29 సార్లు. 28 కాదు, అసలుది కూడా లెక్కలోకి వస్తుంది. తర్వాత ఫ్రేముల వేగం మార్చే అస్యూమ్‌ఎఫ్‌పీఎస్‌లో 450000, 18001 ఇవ్వండి. అంటే సెకనుకి 24.9986 ఫ్రేములు, బొమ్మ 18,000కి ఒకటి చొప్పున నెమ్మదిస్తుంది. చివర్న, విడిగా వేవ్ ఫైలుగా తీసిపెట్టుకున్న శబ్దాన్ని ఆడియోడబ్‌తో కలపండి. ఈ వరస తప్పకూడదు. ఆడియో కలిపాక లూప్ పెడితే ఆడియో ముక్క కూడా 29 సార్లు నత్తి కొడుతుంది.

ఒక జాగ్రత్త. ఇది ఇంటర్‌లేస్డ్ బొమ్మ, ప్రతి ఫ్రేములో వేర్వేరు క్షణాల్లో పట్టిన రెండు ఫీల్డులు (సగం గీతల బొమ్మలు) ఉంటాయి. చెయ్యి ఊపుతున్న ఫ్రేముని నిలబెడితే 1.12 సెకను పాటు ఆ చెయ్యి వణుకుతూ కనబడుతుంది. కదలిక లేని ఫ్రేము కోసం నాలుగైదు ఫ్రేములు వెనక్కి వెళ్ళినా ఫర్వాలేదు.

శబ్దంలో ఒక్క శాంపుల్ కూడా మారదు. శ్రుతి గొడవే లేదు.

ఎస్పీరోడ్డు

24.9986 ఫ్రేముల ఫైలుని డీవీడీగా ఎలా చేస్తారు? పాల్ డీవీడీకి 25 తప్ప కుదరదు. ఇంట్లో పెద్దవాళ్ళకి డిస్కే కావాలంటే చివరికి నా దారికే రావాలి.

ఇరవైఐదు_ఫ్రేములు

డిస్కుకైతే అంతే, కాదనను. లూప్ ఉంచి అస్యూమ్‌ఎఫ్‌పీఎస్ తీసేయాలి, జారుడు వరకు ఆడియోని 0.57 సెకను కుదించాలి. మీరన్నట్టు కొత్త నిడివి గడిలోనే రాయాలి. శాతం గడిలో 0.0056కి బదులు 0.006 అని గుండ్రం చేస్తే, ఆ గుండ్రం చేసినందుకే చివర 45 మిల్లీసెకన్లు ముందుకి పోతుంది.

టేప్‌పురుగు

ఇద్దరూ చచ్చిన పాముని కొడుతున్నారు. క్యాసెట్టు ఇంకా చేతిలో ఉంది కదా, మళ్ళీ క్యాప్చర్ చేయండి.

ముందు శబ్దాన్ని లైన్-ఇన్ నుంచి తీసి డాంగిల్ ఎరుపు, తెలుపు పిన్నులకే ఇవ్వండి. బొమ్మా శబ్దమూ ఒకే పరికరం నుంచి వస్తే జారుడు చాలావరకు పోతుంది. డాంగిల్ సంగతీ చూసుకోండి. ఒకే నల్ల డబ్బా, మీద ఈజీక్యాప్ అనే ఉంటుంది, లోపల మాత్రం ఎస్‌టీకే1160 ఉండొచ్చు, ఈఎం2860 ఉండొచ్చు, సోమాజిక్, యూటీవీ007 కూడా ఉండొచ్చు. చిప్పుని బట్టి డ్రైవరు, డ్రైవరుని బట్టి బుద్ధి. కంప్యూటర్‌కి తగిలించి డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే లోపలున్నదేదో తెలిసిపోతుంది.

రెండోది, వీసీఆర్‌కీ డాంగిల్‌కీ మధ్య పాత డీవీడీ రికార్డర్ ఒకటి పెట్టండి. రికార్డు చేయనక్కర్లేదు, సిగ్నల్ దాని లోపలి నుంచి పోతే చాలు. పానాసోనిక్ ఈఎస్10, ఈఎస్15 ఈ పనికి పేరుపడ్డవి. చెదిరిన సింక్‌ని సర్ది, నిలకడైన ఫ్రేములు బయటికిస్తాయి. అతుకుల దగ్గర డాంగిల్‌కి బొమ్మ జారిపోవడం బాగా తగ్గుతుంది.

వర్చువల్‌డబ్ టైమింగ్‌లో, ఫ్రేముల మధ్య ఎడం ఎక్కువైతే ఖాళీ ఫ్రేము చేర్చే ఆప్షన్ పెట్టండి. పోయిన చోట అదే పూడ్చుతుంది. కలపొద్దు అన్నది తీసి, శబ్దాన్ని బొమ్మకి రీశాంపుల్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. క్యాప్చర్ అవుతున్నంతసేపూ కుడి పక్క ప్యానెల్లో డ్రాప్ అయిన ఫ్రేములు, చేర్చిన ఫ్రేములు కనబడతాయి. అంకె మారిన నిమిషం కాగితం మీద రాసుకోండి.

మద్రాసు గాలి కదా, క్యాప్చర్‌కి ముందు క్యాసెట్టు కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లటి బూజు ఉంటే వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్డు పాడవడమే కాదు, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకీ ఆ బూజు అంటుతుంది.

ఇరవైఐదు_ఫ్రేములు

మిగతావన్నీ సరే, ఆ రీశాంపుల్ ఆప్షన్ దగ్గరే నాకు పేచీ. అది అప్పటికప్పుడు శబ్దం వేగాన్ని సర్దుతూ పోతుంది. అతుకు దగ్గర బొమ్మ తప్పితే, ఆ తప్పుని అందుకోవడానికి శబ్దాన్ని లాగుతుంది, తంబురా నాదం ఒక్క క్షణం వంగి లేస్తుంది. మాటల కార్యక్రమమైతే పెట్టుకోండి. కచేరీకి కలపొద్దు అనే ఉంచి, ఖాళీ ఫ్రేముల ఆప్షన్ ఒక్కటే పెట్టి, మిగిలిన జారుడు తర్వాత ఒకే నిష్పత్తితో సరిచేసుకోవడం మేలు.

టేప్‌పురుగు

డీవీడీ రికార్డర్ మధ్యలో ఉంటే అతుకు దగ్గర అంత లాగుడు ఉండదు. అది లేకపోతే మీ మాటే.

డిష్_గొడుగు

ఒక పక్క ప్రశ్న. నావి క్యాసెట్లు కావు, ఫ్రీ డిష్ నుంచి పీసీ ట్యూనర్ కార్డుతో పట్టిన టీఎస్ ఫైళ్ళు (ప్రసారం వచ్చింది వచ్చినట్టు రాసిన ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లు). ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానల్లో పట్టినవైతే సగం నుంచి మాట తప్పుతోంది. వీడియో ఫైళ్ళు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎసింక్ 1000 పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

ఇరవైఐదు_ఫ్రేములు

మీ జబ్బు వేరు. టీఎస్‌లో ప్రతి ఆడియో, వీడియో ముక్క మీదా ఎప్పుడు వినిపించాలో, ఎప్పుడు చూపించాలో టైమ్‌స్టాంపు ఉంటుంది, సెకనుకి 90,000 టిక్కుల గడియారం మీద. క్యాసెట్టు క్యాప్చర్‌కి ఆ భాగ్యం లేదు. వాన మబ్బుకి కేయూ బ్యాండ్ సిగ్నల్ పడిపోయినప్పుడు 188 బైట్ల ప్యాకెట్లు పోతాయి. మూల టీఎస్‌ని వీఎల్‌సీలో ఆడిస్తే, గళ్ళుగళ్ళుగా చెదిరినా మళ్ళీ కుదురుకుంటుంది, టైమ్‌స్టాంపులు ఉన్నాయి కాబట్టి. బొమ్మనీ శబ్దాన్నీ విడదీసి ఎమ్2వీ (బొమ్మ ఒక్కటే), ఎంపీ2 (శబ్దం ఒక్కటే) ఫైళ్ళుగా వేరుచేసిన క్షణమే ఆ స్టాంపులు పోతాయి. ఎంపీ2లో ఒక ఫ్రేము 24 మిల్లీసెకన్లు, పోయినవన్నీ కూడుకుంటూ మాట తప్పుతుంది.

కాబట్టి ఎంపెగ్-2 ఛానెల్ అయితే ప్రాజెక్ట్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో విడదీయండి, పోయిన చోట నిశ్శబ్దం నింపి నిడివి కాపాడుతుంది. హెచ్.264 ఛానెల్‌కి అది పనికిరాదు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడాలి. అందులో ఎరీశాంపుల్ ఫిల్టరులో ఎసింక్ 1 అంటే ఖాళీలు నింపడం, మిగులు కోయడం, అంతే. 1000 అంటే సెకనుకి 1,000 శాంపుళ్ళ దాకా సాగదీయొచ్చని అనుమతి ఇచ్చినట్టు. 48,000లో 1,000 అంటే రెండు శాతం పైనే, శ్రుతిలో 36 సెంట్లు. వార్తలకి ఫర్వాలేదు, పాటకి వద్దే వద్దు.

ఎస్పీరోడ్డు

36 సెంట్లంటే నేను కూడా పట్టేస్తాను, ఇక్కడ మాత్రం మీతోనే. సెట్‌టాప్ బాక్సు పెన్‌డ్రైవ్‌లోకి పట్టిన ఫైళ్ళ మీద ఇవేవీ ప్రయత్నించకండి డిష్ గారూ. ఎక్కువ బాక్సులు తాళం వేసి రాస్తాయి, పీసీలో తెరుచుకోవు. వాటికి టీవీ మెనూలో ఆడియో డిలే సర్దుకోవడమే.

మైలాపూర్_శ్రోత

126250 దగ్గర చెయ్యి పైకెత్తి ఉంది, వణికింది. 126243 దగ్గర ఇద్దరూ కదలకుండా ఉన్నారు, అది నిలబెట్టాను. 60 దగ్గర పల్లవిలో మకారం, చివర మంగళంలో తాళం చెయ్యి, రెండూ ఒక ఫ్రేము తేడాలో ఉన్నాయి. టీవీ యూఎస్‌బీలో కూడా ఆడింది. పెద్దవాళ్ళ డిస్కుకి మాత్రం ఎస్పీరోడ్డు గారి కుదింపే, 0.57. టేపు అంచు శుభ్రంగా ఉంది. ఈఎస్10 ఎవరి దగ్గరైనా వాడకుండా పడి ఉంటే చెప్పండి, ఇంకా పదకొండు క్యాసెట్లున్నాయి.