పుట్టుకతో గుండె జబ్బు, ఇప్పుడు వాల్వ్ లీక్: ఎవరైనా మార్పించుకున్నారా?

ఓరుగల్లు_కుర్రాడు: నాకు టెట్రాలజీ ఆఫ్ ఫాలో, అంటే పుట్టుకతోనే గుండెలో నాలుగు లోపాలు. మూడేళ్ల వయసులో ఆపరేషన్ అయింది, ఇక భయం లేదన్నారని ఇంట్లోవాళ్లు చెకప్‌లు మానేశారు. ఇప్పుడు 31. మెట్లెక్కితే ఆయాసం. ఎకోలో పల్మనరీ వాల్వ్ (గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోది) బాగా లీకవుతోందట, ఎమ్మారై తీయించమన్నారు. వాల్వ్ మార్పించుకున్నవాళ్లు చెప్పండి. సంబంధాలు చూస్తున్నారు, వాళ్లకు చెప్పాలా? ఇన్సూరెన్స్ ఇస్తారా?

నీలిపాప: చెప్పెయ్ తమ్ముడూ. ఛాతీ మీద నిలువునా ఉన్న కుట్లు ఎన్నాళ్లు దాస్తావు? మా అమ్మ నాకు మెడ దాకా మూసేసే జాకెట్లు కుట్టించి పెళ్లిచూపులకు కూర్చోబెట్టేది. విసుగొచ్చి ఒకాయనకు నేనే చెప్పేశా, ఆయనే మా ఆయన. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ గుండెకూ స్కాన్ తీయించారు, బాగానే ఉంది.

గుంటూరు_కారం: వాల్వ్ మార్చాక ఎసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) మొదలుపెడితే ఆకుకూరలు బంద్, ముందే చెప్తున్నా. నాది మెటల్ వాల్వ్. సంక్రాంతికి అత్తారింట్లో నాలుగు పూటలు తోటకూర పప్పు తిన్నానంతే, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే టెస్టు అంకె) ధబాల్న పడిపోయింది.

ల్యాబ్_బాబాయ్: మానెయ్యమని ఎవరన్నారు? ఏళ్ల తరబడి ఐఎన్ఆర్‌లు తీస్తున్నవాణ్ని, నాకు చెప్తున్నావా! రోజూ ఒకే మోతాదులో తింటే డాక్టర్ దానికి తగ్గట్టు డోసు సర్దుతాడు. నెల్లాళ్లు ముట్టకుండా ఒక్కసారి మీద పడి తింటే పడిపోక ఏమవుతుంది?

గుంటూరు_కారం: నువ్వు సూది గుచ్చేవాడివి, గుచ్చించుకునేవాణ్ని నేను. పప్పన్నం కప్పులతో కొలుచుకు తినాలా?

ల్యాబ్_బాబాయ్: తినకు. ఎవరికి నష్టం?

బెజవాడ_అక్క: ఇద్దరూ ఆపండి బాబూ! అతని వాల్వ్ ఇంకా మార్చనేలేదు. పల్మనరీ వైపు మామూలుగా టిష్యూ వాల్వే (జంతువుల కణజాలంతో చేసేది) పెడతారు, జీవితాంతం ఎసిట్రోమ్ అవసరం ఉండదు, కాకపోతే కొన్నేళ్లకు అరిగిపోతుంది. మా తమ్ముడికి తొడ దగ్గర సిర లోంచే పంపించి పెట్టారు, ఛాతీ కొయ్యలేదు. అందరికీ కుదరదు, కొలతలు చూడాలి.

డల్లాస్_బావ: టిష్యూ అంటే ఆవుదా, పందిదా? మా తాతయ్య రెండూ వద్దని కూర్చున్నాడు.

గుంటూరు_కారం: తాతయ్యకు తోటకూరతో చేయించు.

పన్ను_పోటు: నవ్వండి నవ్వండి. వాల్వ్ ఉందని చెప్తున్నా వినకుండా ఓ పళ్ల డాక్టర్ యాంటీబయాటిక్ ఇవ్వకుండానే పన్ను పీకాడు. గుండెకు ఇన్ఫెక్షన్ పాకింది, ఆరు వారాలు సెలైన్ బాటిల్‌తో మంచం మీదే. వాల్వ్ వేయించుకున్నాక పన్ను పీకించాలంటే ముందు మీ కార్డియాలజిస్టును అడగండి.

ఓరుగల్లు_కుర్రాడు: థాంక్స్ బెజవాడ అక్కా, తమ్ముడిది ఏ వయసులో చేశారు? ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు.

నీలిపాప: దాచి తీసుకోకు, క్లెయిమ్ అప్పుడు కొట్టేస్తారు. పాత జబ్బుకు వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే గడువు) ఇదివరకు 4 ఏళ్ల దాకా ఉండేది, 2024 నుంచి 3 ఏళ్లకు మించకూడదు. అసలు పాలసీ ఇస్తారా లేదా అన్నది వాళ్లిష్టం.

డల్లాస్_బావ: బాబాయ్, ఇంట్లో ఐఎన్ఆర్ చూసుకునే మిషన్ నమ్మొచ్చా? అమ్మకు పంపిద్దామని.

ల్యాబ్_బాబాయ్: నమ్మొచ్చు, మొదట్లో ల్యాబ్ రిపోర్టుతో సరిచూసుకో. స్ట్రిప్పుల ధర అడిగి కొను, కళ్లు తిరుగుతాయి.