పబ్‌జీలో 100 మీటర్ల మీద ఉన్న జీరోయింగ్‌తో (గురి ఏ దూరానికి సరిగ్గా కుదరాలో స్కోప్‌లో పెట్టే అంకె) 400లో తలకి పెడితే నడుముకి తగులుతోంది. ఏం మార్చాలి?

గురితప్పినోడు:
పబ్‌జీ పీసీలో కార్98కె అనే స్నైపర్ రైఫిల్, 8 రెట్లు పెద్దగా చూపే 8ఎక్స్ స్కోప్ వాడుతున్నా. 100 మీటర్ల లోపు క్రాస్‌హెయిర్ ఎక్కడ పెడితే అక్కడే తగులుతుంది. 300 దాటితే తలకి పెట్టినా ఛాతీకో నడుముకో వెళ్తోంది, ఇంకా దూరమైతే ఎనిమీ కాళ్ల ముందు దుమ్ము లేస్తోంది. ఊపిరి బిగబట్టే కొడుతున్నా, కాబట్టి చెయ్యి ఊగడం కాదు. పేజ్ అప్ నొక్కాలంటున్నారు, నా లాప్‌టాప్‌లో ఆ కీయే కనపడట్లేదు. దూరం ఎంతో ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ జీరోయింగ్ మార్చాలా, లేక కాస్త పైకి పెట్టి కొడితే చాలా?

పేజ్‌అప్_రాజు:
ముందు కీ సంగతి. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ పట్టుకుని పై బాణం నొక్కితే పేజ్ అప్, కింది బాణం నొక్కితే పేజ్ డౌన్. ఫైట్‌లో రెండు వేళ్ల పని కుదరదు గనక సెట్టింగ్స్‌లో కీ బైండింగ్స్‌కి వెళ్లి మౌస్ పక్క బటన్లకి ఇచ్చేయ్. మౌస్ వీల్‌కి మాత్రం ఇవ్వకు, 8ఎక్స్‌లో జూమ్ మారేది దానితోనే.

స్కోప్ తెరిచి ఒక్కసారి నొక్కు, కింద బుల్లెట్ల లెక్క దగ్గర దూరం అంకె మారుతుంది. మారకపోతే కీ పనిచేయట్లేదు, లేదా ఆ స్కోప్‌కి ఉన్న గరిష్ఠ దూరం వచ్చేసింది. ఒక్కో స్కోప్‌కి ఒక్కో పరిమితి ఉంటుంది.

దూరానికి మ్యాప్ తెరిచి జూమ్ చెయ్. పెద్ద గడి 1 కిలోమీటరు, చిన్న గడి 100 మీటర్లు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: గడిని మూల నుంచి మూలకి దాటితే అది 100 కాదు, 141. మూలగా మూడు గడులు లెక్కపెట్టి 300 అనుకుంటే అసలు దూరం 424. జీరోయింగ్ సరిగ్గా పెట్టినట్టే ఉంటుంది, బుల్లెట్ కిందికే పోతుంది.

లెక్కల_మాస్టారు:
తలకి పెడితే నడుముకి ఎందుకు తగులుతోందో లెక్క చూస్తే తేలిపోతుంది. కార్98కె బుల్లెట్ వేగం సెకనుకి 760 మీటర్లు. గాలి నిరోధం పక్కనపెట్టి చూస్తే, 100 మీద జీరో ఉన్నప్పుడు బుల్లెట్ గురి కంటే ఇంత కింద పడుతుంది:

200 మీటర్లలో 17 సెంటీమీటర్లు
300లో 51
400లో 102
500లో 170

దూరం రెట్టింపైతే డ్రాప్ (బుల్లెట్ కిందికి పడే కొలత) కూడా రెట్టింపు అవుతుందనుకుంటారు. కాదు, 200 నుంచి 400కి వెళ్తే ఆరు రెట్లయింది. 200లో పడేది 1 వంతు అనుకుంటే వరుస 1, 3, 6, 10 అని గుర్తుపెట్టుకోండి, ఏ తుపాకికైనా ఇదే వరుస. తుపాకిని బట్టి ఆ 200లో పడే సెంటీమీటర్లే మారతాయి. వీఎస్ఎస్ అనే ఇంకో రైఫిల్ బుల్లెట్ వేగం 330 మాత్రమే, దానికి 200లోనే 90 సెంటీమీటర్లు పడిపోతుంది. గేమ్‌లో గాలి నిరోధం కూడా ఉంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ అసలు డ్రాప్ ఈ అంకెల కంటే ఎక్కువే.

దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకోటి. 400కి పెట్టి ఒకణ్ణి కొట్టి, అంకె తగ్గించడం మర్చిపోయి 200లో వచ్చినవాడి తలకి గురిపెడితే బుల్లెట్ 34 సెంటీమీటర్లు పైనుంచి వెళ్లిపోతుంది. "హిట్ రిజిస్టర్ కావట్లేదు" అని సర్వర్‌ని తిట్టేవాళ్లలో చాలామంది కథ ఇదే.

కొండమీద_స్నైపర్:
లెక్క కరెక్టే గానీ ప్రతి ఎనిమీకీ అంకె మార్చుకుంటూ కూర్చుంటే వాడు చెట్టు వెనక్కి పోతాడు. నా సలహా: 300 మీద పెట్టి వదిలేయ్. మాస్టారి లెక్క ప్రకారమే 300 లోపు బుల్లెట్ ఎక్కడా 19 సెంటీమీటర్ల కంటే పైకి లేవదు, ఆ శిఖరం కూడా 150 దగ్గరే. అందుకే 100-200 మధ్య మెడకి పెట్టు, తలకి తగులుతుంది. 300లో తలకే పెట్టు. 400లో 34 సెంటీమీటర్లు పడుతుంది, అంటే ఒక తల ఎత్తు కంటే కాస్త ఎక్కువ పైకి. ఒకచోట పడుకుని 500 అవతల కదలకుండా కూర్చున్నవాణ్ణి కొట్టేటప్పుడు మాత్రం అంకె మార్చు, అక్కడ టైమ్ ఉంటుంది.

ఇంకోటి, పరిగెత్తేవాడికి జీరోయింగ్ ఏమీ చెయ్యదు. 400 మీటర్లు చేరడానికి బుల్లెట్‌కి అర సెకను పైనే పడుతుంది, ఆ లోపు వాడు మూడు మీటర్లు జరిగిపోతాడు. పైకి ఎంత పెట్టావన్నది కాదు, ముందుకి ఎంత పెట్టావన్నదే అక్కడ తేడా.

గురితప్పినోడు:
300 ట్రైనింగ్‌లో చూశా, బోర్డు మీద సరిగ్గా పడుతోంది. కానీ కిటికీలోంచి కొడితే స్కోప్‌లో ఎనిమీ క్లియర్‌గా కనిపిస్తున్నా బుల్లెట్ కిటికీ గట్టుకి తగులుతోంది. దీనికీ జీరోయింగే కారణమా?

పేజ్‌అప్_రాజు:
కాదు. స్కోప్ బ్యారెల్ కంటే పైన ఉంటుంది, బుల్లెట్ వచ్చేది బ్యారెల్‌లోంచి. కంటికి దారి కనిపిస్తుంది, బ్యారెల్ ముందు గట్టు ఉంటుంది. ఒక అడుగు వెనక్కి జరిగితే ఇది పోదు. గట్టుకి దగ్గరగా వచ్చి బ్యారెల్ కొన బయటికి వచ్చేలా నిలబడు. రాళ్ల మీదా, కొండ అంచు మీదా ఇదే గొడవ.

ఆర్మా_బాబాయ్:
ఆర్మా 3 అనే మిలిటరీ గేమ్ ఆడేవాళ్ల కోసం ఒక ముక్క. కీలు అవే, పేజ్ అప్, పేజ్ డౌన్. తేడా ఏంటంటే ఇక్కడ లేజర్ రేంజ్‌ఫైండర్ దొరుకుతుంది, అది చూపేది ఏటవాలు దూరం. బుల్లెట్‌ని కిందికి లాగేది అడ్డంగా ఉన్న దూరం. 30 డిగ్రీల వాలులో కిందికి 400 చూపిస్తే అడ్డంగా ఉన్నది 346 మాత్రమే. 400కి పెడితే తల పైనుంచి పోతుంది, 350 అనుకుని కొట్టండి. మ్యాప్ గడులతో కొలిస్తే ఈ గొడవ ఉండదు, మ్యాప్ చూపేది ఎప్పుడూ అడ్డ దూరమే.

రేంజ్‌ఫైండర్ లేకపోతే స్కోప్‌లోని మిల్ గీతలు (ఒక మిల్ అంటే 1000 మీటర్ల దూరంలో 1 మీటరు). మనిషి ఎత్తు 1.8 మీటర్లు అనుకుని, 1800ని వాడు నిండిన మిల్స్‌తో భాగిస్తే దూరం. నాలుగున్నర మిల్స్ నిండితే 400. వాడు నిలబడి ఉంటేనే సుమా, కూర్చున్నవాడికి ఈ లెక్క వేస్తే ఉన్నదానికంటే చాలా ఎక్కువ దూరం వస్తుంది. జూమ్ మార్చినప్పుడు గీతలు కూడా మనిషితోపాటు పెద్దవి కాని స్కోప్‌లలో ఒక్క జూమ్ దగ్గరే ఈ లెక్క నిలుస్తుంది.

మామూలు ఆర్మా 3లో గాలి బుల్లెట్‌ని పక్కకి నెట్టదు. ఏస్ అనే మాడ్‌లో (ఆటకి అదనంగా కలుపుకునే ప్యాక్) అడ్వాన్స్‌డ్ బాలిస్టిక్స్ పెట్టుకున్నారంటే నెడుతుంది, అప్పుడు ఎడమ-కుడి సర్దుబాటు కూడా నేర్చుకోవాలి.

ఫోన్‌గేమర్_చిన్నా:
బీజీఎంఐలో (ఫోన్‌లో ఆడే పబ్‌జీ ఇండియా వెర్షన్) 6ఎక్స్ పక్కన ఒక స్లైడర్ ఉంది కదా, అదేనా ఇది?

కొండమీద_స్నైపర్:
కాదు చిన్నా, అది జూమ్‌ది. 6ఎక్స్‌ని 3ఎక్స్‌కి తగ్గిస్తే కనిపించే సైజే మారుతుంది, బుల్లెట్ పడే చోటు మారదు. అక్కడ మార్కర్ పెడితే దూరం మీటర్లలో కనిపిస్తుంది గనక మాస్టారి వరుస చూసుకుని పైకి పెట్టి కొట్టు. వాలరెంట్, సీఎస్ 2 ఆడితే ఈ తలనొప్పే లేదు, వాటిలో బుల్లెట్ కిందికి పడదు.