కంటైనర్ నిండా పదహారు కిలోల జీడిపిక్కలేనా? చుక్క, కామాల గొడవ

పర్లాకిమిడి_కుర్రాడు:
మా ఊళ్లో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి స్టాక్ లెక్కల ప్రోగ్రామ్ పైథాన్‌లో రాసిచ్చాను. ఇన్నాళ్లూ బాగానే నడిచింది, షావుకారు ఇండోనేషియా నుంచి పిక్కలు తెప్పించడం మొదలుపెట్టాకే వచ్చింది తంటా. నిన్న గోడౌన్‌లో అందరి ముందూ "కంటైనర్ నిండా పదహారు కిలోలేనట్రా?" అని అడిగేశాడు. ఫైల్‌లో బరువు 16.320 అని ఉంది, అంటే వాళ్ల లెక్కలో పదహారు వేల మూడొందల ఇరవై. ధర 1.105,50, అంటే టన్నుకి పదకొండొందల అయిదున్నర డాలర్లు. మన 1,25,000.50 లాంటివాటి కోసం కామాలు తీసేసే లైను ముందే పెట్టుకున్నాను కదా, దాంతో టన్ను ధర 1.1055 డాలర్లయి కూర్చుంది! ఎర్రర్ కూడా రాలేదు. చివర వచ్చిన గుర్తే దశాంశం అనుకుని మారిస్తే సరిపోతుందా?

బరంపురం_బాబాయ్:
సరిపోదు తమ్ముడూ. 1.105,50కి పనిచేస్తుంది గానీ 16.320లో చివర ఉన్నది చుక్కే, మళ్లీ పదహారు కిలోలే వస్తాయి. ఆ ఒక్క అంకె చూసి ఎవరూ తేల్చలేరు, ఫైల్ ఎవరు పంపారో తెలిస్తేనే తేలుతుంది. సప్లయర్‌కి ఒక ఫార్మాట్ అని రాసి పెట్టుకో. పాండాస్‌లో (పట్టికలు చదివే పైథాన్ లైబ్రరీ) ఫైల్ చదివేటప్పుడే డెసిమల్‌కి కామా, థౌజండ్స్‌కి చుక్క అని చెప్పొచ్చు. విడి అంకెలకైతే బేబెల్ లైబ్రరీ ఉంది, స్ట్రిక్ట్ (పద్ధతి తప్పిన అంకెని ఒప్పుకోని సెట్టింగ్) ఆన్ చేసి వాడు, లేకపోతే జర్మన్ లెక్కలో (అక్కడా వేలకి చుక్కే) 30.00 ఇస్తే నోరెత్తకుండా 3000 చేస్తుంది. సెట్‌లొకేల్ (దేశాన్ని బట్టి అంకెల పద్ధతి మార్చే ఫంక్షన్) జోలికి మాత్రం పోకు, అది నడుస్తున్న ప్రోగ్రామ్ మొత్తానికీ మారుతుంది, ఒకరి ఫైల్ కోసం మారిస్తే ఇంకొకరి లెక్క పోతుంది. డబ్బు లెక్కలు ఫ్లోట్‌లో (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రకం) కాదు, డెసిమల్‌లో (ఉన్నదున్నట్టు దాచే రకం) పెట్టు.

రాయగడ_కోడర్:
ఐవరీ కోస్ట్ సరుకు కూడా వస్తే ముందే చెప్తున్నా, అక్కడ ఫ్రెంచ్ పద్ధతి, 16 320,50 అని రాస్తారు. ఆ మధ్యలో ఖాళీ చాలాసార్లు మామూలు స్పేస్ కాదు, నారో నో-బ్రేక్ స్పేస్ అనే వేరే అక్షరం. చూడ్డానికి అచ్చం స్పేస్‌లాగే ఉంటుంది, రీప్లేస్‌లో స్పేస్ కొట్టి తీసేస్తే పోదు. నేను ఒక రాత్రంతా దీంతో కుస్తీ పట్టాను. రెజెక్స్‌లో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) బ్యాక్‌స్లాష్ ఎస్ పెడితే, అంటే ఏ రకం ఖాళీ అయినా అని చెప్తే, పోతుంది. వెబ్ పేజీలో జావాస్క్రిప్ట్ ఉంటే అదీ చూసుకో, అక్షరాల్ని అంకెగా మార్చే పార్స్‌ఫ్లోట్‌కి 12,5 ఇస్తే కామా దగ్గర ఆగిపోయి 12 ఇచ్చేసి ఊరుకుంటుంది.

జయపురం_జీడి:
మా దగ్గర కాటా చీటీల్లో ఒడియా అంకెలు వస్తాయి గురూ. ୧୨.୫ అని ఇచ్చినా పైథాన్ ఫ్లోట్ చక్కగా 12.5 చేస్తుంది, జావాస్క్రిప్ట్ చెయ్యదు.

పర్లాకిమిడి_కుర్రాడు:
థాంక్స్ బాబాయ్. సప్లయర్ల టేబుల్‌లో ఫార్మాట్ కాలమ్ ఒకటి పెట్టాను, అది ఖాళీగా ఉంటే ఫైల్ తీసుకోదు. కంటైనర్ బరువు పది టన్నుల లోపు వస్తే "నిజమేనా?" అని అడుగుతుంది కూడా. ఇక పాత ఎంట్రీలు చేత్తో దిద్దాలి, షావుకారు టీ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.