ధర తెలియకుండా ఏది చవకో చెప్పగలమా?

గుణుపురం కుర్రాడు:
బ్యాంకు పరీక్షకు చదువుతున్న మా బ్యాచ్‌లో ఈ డేటా సఫిషియెన్సీ లెక్క (ఇచ్చిన స్టేట్‌మెంట్లు జవాబు తేల్చడానికి చాలుతాయా లేదా అని అడిగేది) మీద పెద్ద గొడవ. రాము కొట్లో 25 కిలోల బియ్యం బస్తా, సోము కొట్లో 20 కిలోల బస్తా. కిలో లెక్కన ఎవరిది చవక?
1. రాము బస్తా సోము బస్తా కంటే 200 రూపాయలు ఎక్కువ.
2. సోము బస్తా 1000 రూపాయల పైనే.
రెండూ కలిపినా చాలవు అంటాను నేను. ఏ బస్తా ధరా తేలనప్పుడు కిలో రేటు ఎలా కడతాం?

సిరోంచ మాస్టారు:
తమ్ముడూ, రేటెంత అని అడగలేదు, ఎవరిది తక్కువ అని అడిగారు. రాము దగ్గర అదనంగా వచ్చే 5 కిలోలకు పడేది 200, అంటే కిలో 40. సోము బియ్యం కిలో 50 పైమాటే. అందులో 40 రూపాయల బియ్యం కలిస్తే సగటు దిగి తీరాలి. రామే చవక. రెండూ కలిపితే సరిపోతాయి.

గుణుపురం కుర్రాడు:
సోము బస్తా 1100 అనుకుంటే సోముకు 55, రాముకు 52. 1500 అయితే 75, 68. రామే వస్తున్నాడు. కానీ రెండు అంకెలు వేసి చూస్తే రుజువైనట్టేనా మాస్టారూ?

పర్లాకిమిడి అక్క:
కాదు బాబూ, హద్దు పట్టుకోవాలి. సోము బస్తా సరిగ్గా 800 అయితే ఇద్దరిదీ కిలో 40. దాటితే రాము, తగ్గితే సోము. 1000 పైన అన్నారు గనక హద్దు దాటేశాం. అదే '700 పైన' అని ఇచ్చి ఉంటే 750కి సోము, 900కి రాము చవకవుతారు. అప్పుడు నీ జవాబే రైటు.

బల్లార్షా నుంచి:
ఈ రోజుల్లో బజార్లో మంచి బియ్యం 40కి ఎవరిస్తారు? ఒకటో స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు.

సిరోంచ మాస్టారు:
బజారు సంగతి లెక్కలోకి తేకూడదండీ. కాగితం మీద ఇచ్చిందే ఆధారం. చాలామందికి మార్కులు పోయేది ఇక్కడే.

పర్లాకిమిడి అక్క:
బజారు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మా వైపు సంతల్లో పాతవాళ్లు కుంచం లెక్కన చెప్తారు. కుంచం కొలత, కిలో తూకం. బియ్యం రకాన్ని బట్టి కుంచం బరువు మారుతుంది. ఒకరిది కుంచం ధర, ఇంకొకరిది కిలో ధర ఇచ్చి, ఆ బియ్యం కుంచానికి ఎన్ని కిలోలో చెప్పకపోతే, రెండు ధరలూ పైసలతో సహా తెలిసినా 'చాలవు' అనే పెట్టాలి.