చికిత్సా మార్గదర్శకాలకు ఆధారమైన పరిశోధనల్లో అన్ని జాతులవారూ ఉండి తీరాలా?

గణాంకాభిమాని:
అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులతో జరిగే క్లినికల్ పరిశోధనల్లో మహిళలనూ మైనారిటీ జాతులవారినీ చేర్చుకోవాలని 1993లో చట్టం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ఒక ట్రయల్‌లో, అంటే మందును రోగులపై పరీక్షించే ప్రయోగంలో, ఒక్కో జాతి నుంచి యాభై మందిని చేర్చుకుంటే వారి గురించి విడిగా ఏమి తేలుతుంది? చాలా మందులు అందరిలోనూ ఒకేలా పనిచేస్తాయి. ఆ శ్రమతో మొత్తం ట్రయల్‌నే పెద్దది చేయడం మేలు.

ఔషధ విద్యార్థిని:
యాభై మందితో ఏమీ తేలదు, నిజమే. అందుకే తగినంత మంది కావాలంటున్నాం. రక్తపోటు మందులపై జరిగిన ఆల్‌హాట్ ట్రయల్‌ను చూడండి. 2002లో ఫలితాలు వచ్చాయి. 33 వేలకు పైగా రోగులు, వారిలో మూడో వంతుకు మించి నల్లజాతివారు. క్లోర్‌థాలిడోన్ అనే మందు వాడినవారితో పోలిస్తే, లిసినోప్రిల్ అనే మరో మందు వాడిన నల్లజాతి రోగుల్లో పక్షవాతం ముప్పు 40 శాతం ఎక్కువగా కనిపించింది. మిగతావారిలో ఆ తేడా లేదు. నల్లజాతివారు ఏ నలుగురైదుగురో ఉండి ఉంటే ఈ సంగతి సగటులో కలిసిపోయేది. మీరన్నట్టు ట్రయల్‌ను ఎంత పెద్దది చేసినా కలిసిపోయేదే!

మూర్ఛకు వాడే కార్బమజెపైన్ సంగతి తలచుకుంటే నాకు కోపం వస్తుంది. ఒక జన్యురూపం ఉన్నవారిలో కొందరికి ఈ మందు చర్మాన్ని పొరలు పొరలుగా ఊడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ జన్యురూపం ఎక్కువగా ఆసియా మూలాలవారిలోనే ఉంటుంది. మందు 1960లలోనే వాడుకలోకి వచ్చింది. తైవాన్ పరిశోధకులు ఆ సంబంధాన్ని బయటపెట్టింది 2004లో. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముందస్తు జన్యుపరీక్ష చేయించమన్నది 2007లో.

కిడ్నీ రోగి బంధువు:
నా భయం వేరు. జాతిని లెక్కలోకి తెచ్చాక జరిగిన అన్యాయం కూడా ఉంది. కిడ్నీల పనితీరును అంచనా వేసే 2009 నాటి సూత్రం, రోగి నల్లజాతివారైతే ఫలితాన్ని 1.159తో గుణించేది. కాగితం మీద కిడ్నీలు బాగున్నట్టు కనిపించేవి, మార్పిడి జాబితాలో పేరు ఎక్కడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ గుణకాన్ని తీసేశారు. చర్మం రంగును జీవశాస్త్రంగా పొరబడితే ఇదే జరుగుతుంది.

ఔషధ విద్యార్థిని:
మీ భయాన్ని నేనూ పంచుకుంటున్నాను. అయితే ఆ గుణకం లేని కొత్త సూత్రం కట్టగలిగారంటే, దానికి వాడిన రోగుల సమాచారంలో నల్లజాతివారు ఉండబట్టే. పరిశోధనలో చేర్చుకోవడం వేరు, జాతిని బట్టి వైద్యం చేయడం వేరు. వేలికి తగిలించే ఆక్సిమీటర్‌ను తీసుకోండి. రీడింగు 92 నుంచి 96 శాతం చూపిస్తుండగా, రక్తంలో నిజంగా ఆక్సిజన్ పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం అని 2020లో ఒక అమెరికా అధ్యయనం చూపింది. ఇందులో జాతి గుణమేమీ లేదు. పరికరంలోని కాంతిని చర్మంలోని మెలనిన్ పీల్చుకుంటుంది. ఆ లోపం పరికరానిది.

గణాంకాభిమాని:
అయితే తేడా ఉండవచ్చన్న అనుమానం ఉన్నచోటే ప్రత్యేకంగా చేర్చుకుందాం. ప్రతి ట్రయల్‌కూ కోటా ఎందుకు?

ఔషధ విద్యార్థిని:
కార్బమజెపైన్‌ను ముందుగా ఎవరు అనుమానించారండీ? కోటా మాట పక్కన పెట్టండి. ఆ జబ్బు ఎవరికి ఎక్కువగా వస్తుందో వారు ట్రయల్‌లో ఆ మేరకు ఉండాలి. లేకపోతే ఆ సిఫారసు ఎవరిని పరీక్షించి చేసిందో మార్గదర్శకంలో దాని పక్కనే రాయాలి. ఇందులో ఏది ఎక్కువ అడిగినట్టు?