టెన్త్ ఇంగ్లీష్ ఇయర్ ప్లాన్: రైటింగ్‌కి పీరియడ్లు ఎక్కడి నుంచి తేవాలి?

తిరుపతి టీచర్:
నమస్తే అండి. ఈ ఏడాదే నాకు హైస్కూల్ క్లాసులు ఇచ్చారు. సోమవారానికల్లా టెన్త్ ఇంగ్లీష్ ఇయర్ ప్లాన్ ప్రిన్సిపాల్ మేడమ్ టేబుల్ మీద ఉండాలట. సాయంత్రం నుంచి ఎక్సెల్ ముందే కూర్చున్నా. పాఠాలన్నీ నెలలకు పంచేసరికి ఏడాది అయిపోతోంది, రైటింగ్‌కి ఒక్క పీరియడ్ కూడా మిగలడం లేదు. రైటింగ్ ముందు పెడితే లిటరేచర్ డిసెంబర్ దాటుతోంది. నెట్‌లో దొరికిన ప్లాన్లకు ఒకదానికొకటి పొంతన లేదు. మా పిల్లలకు చదివితే అర్థమవుతుంది కానీ సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే పెన్ను కదలదు. అందుకే రైటింగ్ వదలబుద్ధి కావడం లేదు. తల పగిలిపోతోంది. ఎవరి దగ్గరైనా మంచి ప్లాన్ ఉంటే పెట్టండి, ప్లీజ్.

పలమనేరు ఇంగ్లీష్ సార్:
ఏ బోర్డు? వారానికి ఎన్ని పీరియడ్లు?

విశ్రాంత హెడ్‌మాస్టర్, చిత్తూరు:
అమ్మా, ప్లాన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు గ్రామర్ పునాది వెయ్యి. మన వైపు చాలామంది పిల్లలు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడతారు, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. కర్త ఏకవచనమైతే క్రియ ఎలా మారుతుందో తెలియని పిల్లవాడిని వ్యాసం రాయమంటే ఏం రాస్తాడు? జూన్ 12న బడి తెరిచిన రోజు నుంచి దసరా సెలవుల దాకా రోజూ అరగంట గ్రామర్, పది మాటల డిక్టేషన్ చేయించు. ఇప్పటి టీచర్లు డిక్టేషన్ మానేశారు, స్పెల్లింగులు చూస్తే బాధేస్తుంది. చేతిరాత సంగతి చెప్పనే అక్కర్లేదు.

చంద్రగిరి జెడ్పీ హైస్కూల్ టీచర్:
మేడమ్, మా ప్లాన్ ఇస్తాను. ఎఫ్ఏ, ఎస్ఏ (ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలు) తేదీలు ముందు గీసుకుని వాటి మధ్య యూనిట్లు సర్దుకోండి. పబ్లిక్ పరీక్ష 100 మార్కులకు కాబట్టి జనవరి నుంచి రివిజన్‌కి వదిలేయాలి.

పలమనేరు ఇంగ్లీష్ సార్:
ఆమెది స్టేట్ సిలబస్ అని ఎవరు చెప్పారు? 2022లో వెయ్యి ప్రభుత్వ బళ్ళు సీబీఎస్‌ఈకి వెళ్ళి, 2024లో మళ్ళీ స్టేట్ బోర్డుకే వచ్చాయి. అప్పటి ప్లాన్లు ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. బోర్డు తెలియకుండా ఏది పెట్టినా పనికిరాదు.

తిరుపతి టీచర్:
సీబీఎస్‌ఈనే అండి. వారానికి ఆరు పీరియడ్లు.

రేణిగుంట టీచర్:
మేడమ్, నేనూ సీబీఎస్‌ఈ టెన్త్‌కే చెబుతాను. పేపర్ 80 మార్కులకు: రీడింగ్ 20, గ్రామర్ 10, రైటింగ్ 10, లిటరేచర్ 40. రైటింగ్‌లో వచ్చేది ఒక ఫార్మల్ లెటర్, ఒక అనలిటికల్ పేరాగ్రాఫ్ (ఇచ్చిన అంకెలు, వివరాలు విశ్లేషిస్తూ రాసే పేరా). వాటికి విడిగా నెలలు కేటాయించకండి. లిటరేచర్‌లోనే 6 మార్కుల జవాబులు రెండున్నాయి, ఒక్కోటి 100–120 మాటల్లో రాయాలి. పిల్లలతో వాటిని సొంతంగా రాయిస్తే అదే రైటింగ్. మనం నోట్స్ చెప్పి అప్పజెప్పించుకుంటాం కాబట్టే మీ పిల్లలకు పెన్ను కదలడం లేదు.

ఇక లెక్క. మెయిన్ పుస్తకం ఫస్ట్ ఫ్లైట్‌లో 9 పాఠాలు, 10 పోయెమ్స్, రెండో పుస్తకంలో 9 కథలు. పాఠానికి ఐదు, పోయెమ్‌కి రెండు, కథకి రెండు పీరియడ్ల చొప్పున వేస్తే 83 అవుతాయి. ఏప్రిల్‌లో దొరికే రోజులు, జూన్ నుంచి నవంబర్ దాకా వారానికి ఆరు చొప్పున వేసుకోండి. సెలవులు, పరీక్షలు పోయినా దాదాపు 120 వస్తాయి. మిగిలినవి రాయించడానికి, గ్రామర్‌కి సరిపోతాయి.

నేను పాఠం పక్కనే రాత పెడతాను. మొదటి పాఠంలో వడగళ్ళకు పంట పోయిన రైతు దేవుడికి ఉత్తరం రాస్తాడు కదా. అదే వారం తోతాపురి మామిడికి ధర లేదని మన జిల్లా రైతు తరఫున కలెక్టర్‌కి లెటర్ రాయిస్తాను. ఆ కష్టం పిల్లలకు ఇంట్లో తెలిసిందే, విషయం కోసం వెతుక్కోరు. అనలిటికల్ పేరాగ్రాఫ్‌కి టీటీడీ రోజూ ప్రకటించే భక్తుల సంఖ్యలు వారం పాటు రాసుకురమ్మంటాను. ఏ రోజు పెరిగింది, ఎందుకు పెరిగి ఉంటుంది అని వాళ్ళే వాదించుకుంటారు, ఆ తర్వాతే రాస్తారు. బస్సెక్కిన చిన్నపిల్ల పాఠం వల్లిక్కణ్ణన్ తమిళంలో రాసిన కథ. తమిళం మాట్లాడే పిల్లలుంటే ఆ రోజు క్లాస్ వాళ్ళకే అప్పగించండి. పుస్తకంలోని చెకోవ్ నాటకం ఆడించండి, బడిలోనే వేసే ఇంటర్నల్ 20 మార్కుల్లో స్పీకింగ్, లిజనింగ్‌కి 5 మార్కులున్నాయి.

ఒక్క జాగ్రత్త. నవంబర్, డిసెంబర్‌లలో వాయుగుండం వస్తే మనకు బళ్ళు మూస్తారు, 2021 నవంబర్ వరద చూశాం కదా. కొత్త పాఠం ఏదీ డిసెంబర్‌కి మిగల్చకండి. బోర్డు పరీక్షలు ఫిబ్రవరిలోనే మొదలవుతాయి.

విశ్రాంత హెడ్‌మాస్టర్, చిత్తూరు:
బాగుంది. కానీ మీరు చెప్పింది యూనిట్ ప్లాన్, అంటే ఒక్కో పాఠం ఎలా చెప్పాలో రాసుకునేది. ఇయర్ ప్లాన్‌లో నెల, పాఠం, పీరియడ్లు, సామర్థ్యాలు, ఇవే ఉంటాయి. లెటర్లు, నాటకాలు అందులో రాయరు. గ్రామర్‌కి 10 మార్కులే అని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ లెటర్‌లో తప్పులు పోవాలన్నా గ్రామరే కావాలి.

రేణిగుంట టీచర్:
తేలిగ్గా తీసుకోలేదు సార్. టెన్సెస్, మోడల్స్ (can, must లాంటివి), రిపోర్టెడ్ స్పీచ్, అన్నీ పిల్లలు రాసిన పేపర్ మీదే దిద్దుతాను. విడిగా అభ్యాసం చేయిస్తే అక్కడ సరిగ్గానే చేస్తారు, లెటర్‌లో మళ్ళీ అదే తప్పు రాస్తారు. రాత కోసం ఇయర్ ప్లాన్‌లో ఒక కాలమ్ పెడితే తప్పేముంది?

విశ్రాంత హెడ్‌మాస్టర్, చిత్తూరు:
ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఒప్పుకోరు. ఫార్మాట్ అంటే ఫార్మాటే.

పలమనేరు ఇంగ్లీష్ సార్:
సీబీఎస్‌ఈ ప్రైవేట్ బడిలో ఫార్మాట్ ప్రిన్సిపాల్ ఇష్టం సార్.

తిరుపతి టీచర్:
పాఠం పక్కన రాత కాలమ్ పెట్టేశాను, కుదిరింది. థాంక్స్ అండి అందరికీ.

కొర్లగుంట పేరెంట్:
మా బాబు స్టేట్ సిలబస్, తొమ్మిదో తరగతి. వాడికీ ఇలాంటి ప్లాన్ ఎవరైనా చెబుతారా? చంద్రగిరి టీచర్ గారూ, మీరు ఇస్తానన్నది పెడతారా?