శనివారం సినిమా (ఆంటోనియోని తీసిన లవ్వెంతూరా): పనుల పంపకం (ఇవాళ 5 లోపు చూడండి)

హాలు బాధ్యత, ఉదయం 9:10
కుర్చీలు 80, సమోసాలు 150, ప్రొజెక్టర్ పరీక్ష, పోస్టర్ రెండో దఫా. ఎవరికి ఏది వీలో రాయండి. హాలు మిగతా అద్దె సాయంత్రం 5 లోపు కట్టాలి. వద్దనుకుంటే ఆ లోపే చెప్పాలి, లేకపోతే 200 డాలర్ల డిపాజిట్ పోయినట్టే.

కోశాధికారి, 9:40
సమోసాల సంగతి తర్వాత. నిన్న ట్రయల్ చూసిన స్పాన్సర్ గారు 500 ఇవ్వనన్నారు. "పిల్ల దొరకని సినిమాకి నా బోర్డు ఎందుకండీ" అని. అద్దె 600, ప్రదర్శన లైసెన్స్ 250, తిండి 150. టికెట్లు 62, తలా 8 చొప్పున 496. తక్కువ 504.

పోస్టర్లు, 9:52
లవ్వెంతూరా వద్దని అప్పుడే మొత్తుకున్నాను. అరగంటలోపే ఆనా అనే అమ్మాయి ఆ లిస్కా బియాంకా దీవిలో మాయం. 143 నిమిషాలయ్యేసరికి వెతికేవాడే ఉండడు. అంతకుముందు ఆనా సొరచేప అని అరిచింది ఉత్తదేనట. దీవి దగ్గర వినిపించిన పడవ ఎవరిదో చెప్పరు. జనం డబ్బు వెనక్కి అడగరా?

సినిమా ఎంపిక, 10:05
1960లో కాన్ చిత్రోత్సవంలోనూ ఇలాగే గోల చేశారు. అక్కడే జ్యూరీ బహుమతీ వచ్చింది.

పోస్టర్లు, 10:07
బహుమతితో అద్దె కట్టలేం అన్నా.

సినిమా ఎంపిక, 10:11
పోస్టర్‌కి నేను పంపిన వాక్యం "వెతకడం మానేసినవాళ్ళ కథ". దాన్ని "అమ్మాయి మాయం! ఎవరు? ఎందుకు?" అని మార్చింది ఎవరు? సస్పెన్స్ అని అమ్మి ఇప్పుడు ఆంటోనియోనిని తిడితే ఎలా?

కోశాధికారి, 10:15
అన్నా, అక్కా, అది ఆదివారం తేల్చుకోండి. 5 గంటలకి ఏం చెయ్యాలి?

ప్రొజెక్టర్, 10:48
లైబ్రరీ గది ఖాళీగా ఉంది. గంటకి 40, 5:30 నుంచి 9 దాకా 140. పట్టేది 45 మందే. 6కి మొదలుపెడితే 8:23కి అయిపోతుంది, విరామం కుదరదు. మన ప్రొజెక్టర్ త్రో నిష్పత్తి (తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో) 1.5, తెర వెడల్పు 8 అడుగులు, కాబట్టి 12 అడుగుల దూరంలో పెట్టాలి. తెర కింది అంచు నేల నుంచి 4 అడుగులు ఉండాలి, లేదంటే వెనక వరసవాళ్ళకి సబ్‌టైటిల్ బదులు ముందువాళ్ళ తలలే. మనం తెప్పించిన బ్లూరే డిస్కు రీజియన్ 'బి' (వేరే ప్రాంతాల ప్లేయర్లకి చేసింది), మన ప్లేయర్ రీజియన్ 'ఏ', అందుకే ఆడదు. లైబ్రరీలో రీజియన్ 'ఏ' డిస్కు ఉంది, తీసి పెట్టమన్నాను.

హాలు బాధ్యత, 11:02
లైసెన్స్ పాత హాలు పేరున ఉంది కదా?

ప్రొజెక్టర్, 11:20
ఫోన్ చేశాను. వేదిక మార్పు మెయిల్ పంపితే చాలట, ఫీజు అదే.

కోశాధికారి, 11:31
140, 250 కలిపి 390. డబ్బు వాపసు అడిగేవాళ్ళు పోను టికెట్లు 42 మిగిలితే 336. తక్కువ 54, అది సర్దేస్తాం. హాలు వద్దని చెప్పేశాను, డిపాజిట్ తిరిగొస్తుంది. తిండి లేదు, ఫ్లాస్కుల్లో టీ.

పోస్టర్లు, 12:10
62 మందికీ ఇది పంపుతున్నా: "గది మారింది. 143 నిమిషాలు, విరామం లేదు. ఆనా దొరకదు. వద్దనుకుంటే శుక్రవారం లోపు చెప్పండి, 8 డాలర్లూ వాపసు." సరేనా అన్నా?

సినిమా ఎంపిక, 12:14
సరే అక్కా. నిన్న బాగా విసుక్కున్న నలుగురూ ముందు వరసలో కూర్చుంటే మేలు. అయ్యాక మాట్లాడేది వాళ్ళే.

ప్రొజెక్టర్, 12:20
చివరి సీన్‌లో బెంచీ దగ్గర ఆనా స్నేహితురాలి చెయ్యి ఆనా ప్రియుడి తల మీద పడగానే లైట్లు వేసేయకండి. నిన్న ట్రయల్‌లో ఇద్దరు సినిమా మధ్యలో ఆగిపోయిందని లేచి వచ్చేశారు.